మైనస్ వచ్చిందని చెరిపేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువు పేజీలో ఇంజినీరింగ్, డిప్లొమా పిల్లల కోసం ఎలక్ట్రికల్ సర్క్యూట్స్‌లో తప్పక చదవాల్సిన ముఖ్య ప్రశ్నలు అని ఒక జాబితా వేశారు. థెవెనిన్ సిద్ధాంతం రాసి నిరూపించండి, కిర్కాఫ్ నియమాలు వివరించండి, స్టార్ డెల్టా సూత్రాలు రాబట్టండి, ఇలా ఇరవై దాకా ఉన్నాయి. మా అమ్మాయి ఆ ముక్క కత్తిరించి పుస్తకం అట్ట లోపల గమ్‌తో అంటించుకుంది. అంటించుకున్న రోజు నుంచి దాని మొహంలో టెన్షన్ తగ్గింది, పుస్తకం తెరవడం కూడా తగ్గింది. అది చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాననుకోకండి. కొంచెం ఉంది, కాదనను.

నాది ఆటోనగర్‌లో చిన్న మోటారు వైండింగ్ షాపు. కంకిపాడు, ఉయ్యూరు, గన్నవరం వైపు రైతులు కాలిపోయిన మోటార్లు ఆటోల్లో వేసుకొచ్చి దింపుతారు, మేం పాత తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి, తిప్పి చూసి ఇస్తాం. చదువుల సంగతి నీకెందుకయ్యా అని ఎవరైనా అంటారేమోనని ముందే చెబుతున్నాను, ముప్పై ఏళ్ల కిందట నేనూ డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదివాను, అందులోనూ సర్క్యూట్స్ పేపరు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాణ్ణి. ఆ పేపరు ఎలా తప్పాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో తక్కువమందే ఉంటారు.

మొదటిసారి ఎలా తప్పానో చెబుతాను. ఆల్ ఇన్ వన్ గైడు కొని అందులో నలభై లెక్కలు బట్టీ పట్టాను, అంకెలతో సహా. వీట్‌స్టన్ బ్రిడ్జి బొమ్మ అందులో గాలిపటంలా నిలబెట్టి ఉండేది, మధ్యలో అడ్డంగా ఒక రెసిస్టరు. పరీక్షలో అదే బ్రిడ్జిని చదరంగా వేసి, మధ్య రెసిస్టరుని ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా పెట్టి ఇచ్చారు. అంతే, నాకది ఎప్పుడూ చూడని లెక్క అయిపోయింది. గాలిపటాన్ని కాస్త పక్కకి తిప్పితే చదరమే అవుతుందని తట్టలేదు. నాలుగు పక్కలా 10, 20, 30, 60 ఓంలు. పదికి ఇరవై ఎంతో ముప్పైకి అరవై అంతే, నిష్పత్తి సరిపోయింది, కాబట్టి మధ్య దాంట్లో కరెంటే పారదు, దాన్ని తీసి పక్కన పడేస్తే రెండు నిమిషాల లెక్క. నేను దాని మీద గంట కూర్చున్నాను. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, అదే పేపర్లో ఇంకో ప్రశ్నకి ఆ నిష్పత్తి సూత్రాన్నే రెండు పేజీలు నిరూపించి వచ్చాను. సూత్రం ఒక పేజీలో, సూత్రం కావాల్సిన లెక్క ఇంకో పేజీలో, మధ్యలో నేను. అన్నట్టు ఆ బ్రిడ్జి సంగతి 1833లో మొదట చెప్పింది క్రిస్టీ అనే ఇంగ్లండ్ ఆయన, పదేళ్ల తర్వాత వీట్‌స్టన్ దాన్ని అందరికీ తెలిసేలా చేశాడు, పేరు ఆయనకే ఉండిపోయింది. ఇది పరీక్షలో అడగరు, ఊరికే చెప్పాను.

రెండోసారి కూడా పోయాక మా నాన్న, ఇక నీ చదువు చూశాం గానీ పని నేర్చుకో అని వైండింగ్ షాపులో పెట్టారు. అక్కడ మేస్త్రీ గారు ఏడో తరగతి కూడా దాటలేదు. ఒకరోజు మోటారు టెర్మినల్ బాక్సు తెరిచి, ఆరు తీగలు బయటికి లాగి, వీటిని డెల్టాలో కలుపు అన్నారు. నేను పుస్తకంలో త్రికోణం గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డాను, ఎదురుగా ఉన్నవేమో త్రికోణం కాదు, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్న ఆరు బోల్టులు. ఆయన సుద్దముక్క తీసి గచ్చు మీద మూడు చుక్కలు పెట్టారు. ముందు చుక్కలు పెట్టుకోరా, తర్వాత ఏ కాయిల్ ఏ చుక్క నుంచి ఏ చుక్కకి పోతోందో గీత గియ్యి, నీ బొమ్మ వంకరగా ఉన్నా కరెంటుకేం పట్టదు అన్నారు. సర్క్యూట్స్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

చుక్కలు అంటే మన ముగ్గు చుక్కలే. ఒట్టి తీగతో కలిసి ఉన్నదంతా, ఎంత పొడుగున్నా ఎన్ని మలుపులు తిరిగినా, ఒకే చుక్క. రెండు చుక్కల మధ్య ఉన్నది ఒక గీత, అది రెసిస్టరైనా బ్యాటరీ అయినా. ప్రశ్నలో ఇచ్చిన బొమ్మని చూసి వెంటనే సమీకరణాలు మొదలుపెట్టకుండా, ముందు చుక్కలు లెక్కపెట్టి, వాటికి ఎ, బి, సి అని పేర్లు పెట్టి, పక్కన ఖాళీలో మళ్లీ తీరుగా గీసుకుంటే సగం లెక్క అయిపోయినట్టే. రెండు రెసిస్టర్లకి రెండు కొసలూ అవే చుక్కలైతే అవి పారలల్, బొమ్మలో ఒకటి పైన ఒకటి కింద మూలకి ఉన్నా సరే. రెండింటి మధ్య చుక్కలో మూడో గీత తగలకపోతేనే సీరీస్. పక్కపక్కన గీసి ఉన్నాయి కదా అని సీరీస్ అనేస్తారు పిల్లలు, నేనూ అన్నాను, ఆ మధ్య చుక్క నుంచి ఇంకో తీగ కిందికి దిగుతోందని చూడను కూడా చూడలేదు. మా అమ్మాయి సంక్రాంతికి పదిహేను చుక్కల ముగ్గు తప్పు లేకుండా వేస్తుంది, దానికి ఈ మాట ఒక్కసారి చెబితే చాలింది. ఏడాది నుంచి ఎవరూ ఇలా చెప్పలేదా అంటే లేదంది. వాళ్ల లెక్చరర్‌ని తప్పు పట్టలేను, ఆయనకి సిలబస్ పూర్తి చేయడమే గగనంగా ఉందట.

స్టార్ డెల్టా సూత్రాల సంగతి కూడా అంతే, మీ జాబితాలో రాబట్టండి అని ఉంది, పిల్లలు రాబడతారు, అంకెలు ఇస్తే తారుమారు చేస్తారు. మా షాపుకొచ్చి చూడండి. మూడు కాయిల్స్‌కీ ఒక్కో కొస ఒకే చుక్కలో ముడేస్తే స్టార్, మూడు చుక్కల మధ్య త్రికోణంలా కలిపితే డెల్టా. ఒక్కో కాయిల్ 6 ఓంలు ఉన్న మోటారు అనుకుందాం. స్టార్‌లో కలిపి ఏ రెండు టెర్మినల్స్ మధ్య మీటరు పెట్టినా 12 చూపిస్తుంది, రెండు కాయిల్స్ వరసగా వస్తాయి కాబట్టి. అదే కాయిల్స్ డెల్టాలో కలిపితే 4 చూపిస్తుంది, ఎందుకంటే ఒక 6కి పక్కన 12 పారలల్‌లో పడింది. మరి ఆ డెల్టాకి సమానమైన స్టార్ ఏది? టెర్మినల్స్ మధ్య 4 రావాలి, రెండు వరసగా వస్తాయి, అంటే ఒక్కోటి 2. ఆరులో మూడో వంతు. మూడూ సమానమైనప్పుడు డెల్టా నుంచి స్టార్‌కి వస్తే మూడో వంతు, స్టార్ నుంచి డెల్టాకి పోతే మూడు రెట్లు. సూత్రం మర్చిపోయిన పిల్లాడు కూడా పరీక్ష హాల్లో కూర్చుని, స్టార్‌లో వచ్చింది ఎక్కువా తక్కువా అని దీంతో సరిచూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. మొన్న రాత్రి పది దాటాక షాపు కట్టేసి ఇంటికొస్తే మా అమ్మాయి ఇంకా కూర్చుని ఉంది. ఈ ఎండలకి బెజవాడ ఇళ్లు అర్ధరాత్రికి గానీ చల్లబడవు, ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగురుతుంటే వాటి మీద చెంబు పెట్టుకుంది. టేబులంతా రబ్బరు పొట్టు. కాగితం మీద ఒకచోట చెరిపి చెరిపి చిల్లు పడింది.

లెక్క ఇదీ. ఎడమ పక్క 24 వోల్టుల బ్యాటరీ, దానితో వరసగా 2 ఓంలు. కుడి పక్క 12 వోల్టుల బ్యాటరీ, దానితో వరసగా 4 ఓంలు. ఈ రెండూ పైన ఒక చుక్కలో కలుస్తాయి, ఆ చుక్క నుంచి మధ్యలో కిందికి ఇంకో 4 ఓంలు. బ్యాటరీల ప్లస్‌లు రెండూ పైకే, మైనస్‌లు రెండూ కింది తీగకే. ప్రతి దాంట్లో ఎంత కరెంటు పారుతోంది అన్నది ప్రశ్న. మా అమ్మాయి బాగానే మొదలుపెట్టింది. రెండు బ్యాటరీలూ పై చుక్కలోకి కరెంటు నెడతాయి, మధ్య రెసిస్టరు కిందికి తీసుకుపోతుంది అనుకుని బాణాలు వేసింది. చుక్కలోకి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు సమానం అని కడితే పై చుక్క దగ్గర 15 వోల్టులు వచ్చింది. ఎడమ నుంచి 24లో 15 పోగా 9, రెండుతో భాగిస్తే 4.5 ఆంపియర్లు. మధ్యలో 15ని 4తో భాగిస్తే 3.75. కుడి నుంచి 12లో 15 పోవాలి, మైనస్ 3, నాలుగుతో భాగిస్తే మైనస్ 0.75. అక్కడ ఆగింది.

"నాన్నా, మైనస్ వచ్చింది. ఎక్కడో తప్పింది" అంది. మూడుసార్లు చెరిపి మళ్లీ చేసిందట, మూడుసార్లూ అదే వచ్చిందట. మూడుసార్లు ఒకటే జవాబు వస్తే సంతోషించాల్సింది పోయి ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంది.

"మన షాపు పక్కన బ్యాటరీలు ఛార్జింగ్ పెడతాడు చూశావా, అక్కడ కరెంటు బ్యాటరీలోంచి బయటికొస్తోందా, లోపలికి పోతోందా?" అన్నాను.

"లోపలికి."

"ఎందుకని?"

"ఛార్జర్ వోల్టేజి ఎక్కువ కాబట్టి" అంది, అని రెండు క్షణాలు ఆ కాగితం వైపే చూసి, "అయితే ఈ 12 వోల్టుల బ్యాటరీ ఛార్జ్ అవుతోందా?" అంది.

అదే మరి. ఎదురుగా 15 వోల్టులు నిలబడి ఉంటే 12 వోల్టులది ఏం నెడుతుంది, దానిలోకే నెడతారు. మైనస్ అంటే తప్పు అని కాదు, నువ్వు వేసిన బాణం తిరగేసి చదువుకోమని. ఎడమ నుంచి వచ్చిన 4.5లో 3.75 మధ్యలోంచి కిందికి పోయింది, 0.75 కుడి బ్యాటరీలోకి పోయింది, చుక్క దగ్గర లెక్క సరిపోయింది. ఇంకా అనుమానం ఉంటే పవర్ కూడా చూసుకోవచ్చు, ఇది పిల్లలు ఎవరూ చేయరు గానీ దీనికి మించిన సరిచూపు లేదు. 24 వోల్టుల బ్యాటరీ ఇస్తున్నది 24 ఇంటూ 4.5, అంటే 108 వాట్లు. తింటున్నవి ఎవరెవరు? 2 ఓంలది 40.5, మధ్యది 56.25, కుడి 4 ఓంలది 2.25, ఛార్జ్ అవుతున్న బ్యాటరీ 9. కూడి చూడమన్నాను. కాలిక్యులేటర్ కొట్టి "నాన్నా 108!" అని అరిచింది. పక్క గదిలోంచి మా ఆవిడ లేచొచ్చి, 108 ఎవరికి, ఎవరికేమైంది అని కంగారు పడింది.

ఆ రాత్రి ఇంకో పని చేయించాను. కొత్త లెక్క ముట్టుకోనివ్వలేదు, అదే లెక్కని ఇంకో మూడు దారుల్లో చేయమన్నాను. సూపర్‌పొజిషన్‌లో ముందు 24 వోల్టులది ఒక్కటే ఉంచి, 12 వోల్టుల దాన్ని తీసేసి ఆ చోట ఒట్టి తీగ పెడితే పై చుక్క దగ్గర 12 వోల్టులు వచ్చింది. తర్వాత 24 వోల్టుల దాన్ని తీగ చేసి 12 వోల్టుల దాన్ని ఉంచితే 3 వోల్టులు. రెండూ కలిపితే 15. థెవెనిన్‌లో మధ్య 4 ఓంలు పీకేసి ఆ రెండు కొసల మధ్య చూస్తే 20 వోల్టులు, వెనకాల 2కి 4 పారలల్, అంటే 4 బై 3 ఓంలు, 4 ఓంలు మళ్లీ తగిలిస్తే అదే 3.75 ఆంపియర్లు. ఆఖరికి మెష్. అక్కడ రెండు లూపుల్లోనూ గడియారం ముల్లు తిరిగే వైపే కరెంటు అనుకుంటే 4.5, 0.75 వచ్చాయి, ఈసారి మైనస్ లేకుండా. ఒకే సర్క్యూట్‌లో అదే 0.75 ఒకచోట మైనస్‌తో, ఇంకోచోట మైనస్ లేకుండా ఎందుకొచ్చిందో దానంతట అదే చెప్పింది, బాణం ఎటు వేశామన్నదే తేడా అని. నలభై సర్క్యూట్లు ఒకే దారిలో చేసేకంటే ఒక్క సర్క్యూట్ నాలుగు దారుల్లో చేస్తే ఏ దారి ఎక్కడ దగ్గరో తెలుస్తుంది, తప్పు చేస్తే పట్టుకునేవాళ్లు కూడా ఇంకో ముగ్గురు ఉంటారు.

ఇందులో ఒక గుంట ఉంది, సగం మంది పిల్లలు అందులో పడతారు కాబట్టి చెప్పాలి. సూపర్‌పొజిషన్ కరెంటుకీ వోల్టేజికీ పనికొస్తుంది గానీ పవర్‌కి పనికిరాదు. పై లెక్కలో మధ్య రెసిస్టరు పవర్ విడివిడిగా కడితే 12 వోల్టులకి 36 వాట్లు, 3 వోల్టులకి 2.25 వాట్లు, కలిపితే 38.25. అసలుదేమో 56.25. ముందు వోల్టులు కలపాలి, పవర్ ఆ తర్వాతే కట్టాలి. ఇంకోటి, తీసేయాల్సింది వోల్టేజి సోర్సు అయితే ఆ చోట తీగ పెట్టాలి, కరెంటు సోర్సు అయితే ఆ చోట తెంచేయాలి. పిల్లలు రెండింటినీ తెంచేస్తారు. తీసేయడం అంటే లేకుండా చేయడమేగా అనుకుంటారు పాపం. సున్నా వోల్టులు అంటే తీగ, సున్నా ఆంపియర్లు అంటే తెగిన దారి, అంతే.

థెవెనిన్ అంటే పిల్లలకి ఎందుకో భయం. పేరు అలా ఉండటం వల్లేమో. ఆయన ఫ్రాన్సు టెలిగ్రాఫ్ శాఖలో ఇంజినీరు, 1883లో ఈ సంగతి రాశాడు. అంతకు ముప్పై ఏళ్ల ముందే జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. పనిచేసేవాడి సిద్ధాంతం అది. లోపల ఎన్ని ఉంటే నాకెందుకు, నా చేతికి రెండు తీగలు వచ్చాయి, వాటి మధ్య ఖాళీగా ఉన్నప్పుడు ఎంత వోల్టేజి, వెనకాల ఎంత రెసిస్టెన్సు, ఆ రెండు చెబితే నా పని నేను చేసుకుంటా అన్నట్టు. ఎండిపోయిన పాత సెల్లు మీటరుకి దగ్గరదగ్గర ఒకటిన్నర వోల్టు చూపించి టార్చిలో వేస్తే వెలగదు, చూసే ఉంటారు, వెనకాల రెసిస్టెన్సు పెరిగిపోయిందన్నమాట. కిర్కాఫ్ అయితే మరీ, చుక్కలోకి వచ్చినంత కరెంటూ బయటికి పోవాలి లాంటి ఆ నియమాలు 1845లో రాసేనాటికి 21 ఏళ్ల విద్యార్థి. మా అమ్మాయికి ఈ మాట చెబితే, అయితే ఆయనకీ సెమిస్టర్లు ఉండేవా అంది.

లెక్కలు వచ్చిన పిల్లలు కూడా తప్పే ఇంకో చోటు భాష. మన దగ్గర తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకి నిరోధం తెలుసు, విభవాంతరం తెలుసు. ఇక్కడికొచ్చేసరికి పేపరంతా ఇంగ్లీషు. పవర్ డెలివర్డ్ అంటే ఒకటి, అబ్సార్బ్డ్ అంటే ఇంకోటి, అక్రాస్ అంటే ఒకటి, త్రూ అంటే ఇంకోటి. ఇచ్చేది, తీసుకునేది, రెండు కొసల మధ్య, లోపలి నుంచి, అని నాలుగు తెలుగు మాటలు పక్కన రాసుకుంటే పోయేదానికి మార్కులు పోగొట్టుకుంటున్నారు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర మా అమ్మాయికి ఒక సర్క్యూట్స్ పుస్తకం కొన్నాను, అంతకుముందు దాన్ని చదివినవాళ్లెవరో ప్రతి లెక్క పక్కనా పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నారు. ఒకచోట "వోల్టేజి మీద, కరెంటు లోంచి" అని అండర్‌లైన్ చేసి ఉంది. ఆ పుస్తకంలో అన్నింటికంటే విలువైన ముక్క నాకు అదే అనిపించింది.

ఏసీ సర్క్యూట్ల గురించి ఎక్కువ రాయను, ఉత్తరం పెరిగిపోతోంది. కానీ ఒక్కటి. డీసీలో అలవాటుపడ్డ పిల్లలు ఏసీలో కూడా వోల్టేజీలు మామూలుగా కూడేస్తారు. 30 ఓంల రెసిస్టరు, 40 ఓంల రియాక్టెన్సు (ఏసీకి కాయిల్ పెట్టే అడ్డు) ఉన్న కాయిల్ వరసగా పెట్టి 230 వోల్టులు ఇస్తే మొత్తం అడ్డు, అంటే ఇంపెడెన్స్, 50, కరెంటు 4.6 ఆంపియర్లు. మీటరు పెడితే రెసిస్టరు మీద 138, కాయిల్ మీద 184. కూడితే 322! ఇంట్లో వచ్చేదే 230 అయితే 322 ఎక్కడిదని కంగారు పడతారు. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సరిగ్గా 230 వస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే సమయంలో శిఖరానికి చేరవు, కాయిల్‌లో వోల్టేజి ముందు, కరెంటు వెనక. పాత చోక్ ట్యూబ్‌లైట్ ఉన్న ఇల్లు దొరికితే ట్యూబ్ మీద వోల్టేజీ, చోక్ మీద వోల్టేజీ కొలిచి కూడినా 230 దాటుతుంది. పిల్లలు మాత్రం ఆ మీటర్ల జోలికి వెళ్లొద్దు, ఎలక్ట్రీషియన్‌ని అడిగి పక్కన నిలబడి చూడండి చాలు.

యూనిట్లు కూడా. సీలింగ్ ఫ్యాన్‌లో వేసే కండెన్సర్, పుస్తకంలో కెపాసిటర్ అంటారు, మామూలుగా 2.5 మైక్రోఫారడ్లు. 50 హెర్ట్జ్‌లో దాని రియాక్టెన్సు దగ్గరదగ్గర 1273 ఓంలు. మైక్రోని మిల్లీ అని చదివితే 1.27 వస్తుంది. కాలిక్యులేటర్‌కి రెండూ ఒకటే. పరీక్ష హాల్లోకి వెళ్లగానే సైన్ 30 కొట్టి చూడండి, 0.5 రావాలి, మైనస్ 0.988 వస్తే అది రేడియన్లలో ఉన్నట్టు. ఈ మైనస్‌ని మాత్రం నమ్మకండి.

రాసే పద్ధతి గురించి నేను చెప్పగలిగింది కొంచెమే. మూడు గంటల్లో మొదటి పది నిమిషాలు బొమ్మలు చూడటానికే ఖర్చు పెట్టాలి, ఏ లెక్కలో చుక్కలు తక్కువ ఉన్నాయో అది ముందు. తప్పనిపిస్తే చెరపొద్దు, ఒక గీత కొట్టి కింద మళ్లీ రాయాలి, కొట్టేసిందే చాలాసార్లు సరైనదని తేలుతుంది. స్టెప్పులకి మార్కులు ఉంటాయి, బాణాలు వేసి చుక్కకి పేరు పెట్టి సమీకరణం సరిగ్గా రాసినవాడికి జవాబు తప్పినా కొన్ని పడతాయి, ఒట్టి జవాబు రాసినవాడికి పడవు. ఇంట్లో చదివేటప్పుడు సాల్వ్‌డ్ ప్రాబ్లం పక్కన పెట్టుకుని చూస్తూ తలూపడం చదువు కాదు. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి, ఖాళీ కాగితం తీసుకుని, బొమ్మతో సహా మొదటి నుంచి వేసినప్పుడు ఎక్కడ చెయ్యి ఆగిందో అదే మనకి రాని చోటు. నేను రెండుసార్లు తప్పింది ఆ చోటు పరీక్ష హాల్లోనే మొదటిసారి కనపడటం వల్ల.

ఇక మీకు నా విన్నపం. ముఖ్య ప్రశ్నల జాబితాలు ఆపేయమని అడగను, అవి లేకపోతే పిల్లలు ఇంకో చోట తెచ్చుకుంటారు. కానీ పరీక్షలయ్యే దాకా చదువు పేజీలో ఒక మూల, రెండంగుళాల చోటు చాలు, రోజుకొక సర్క్యూట్ బొమ్మ వేయండి. బొమ్మ వంకరగానే ఉండనివ్వండి, పిల్లలే తీరుగా గీసుకుంటారు. జవాబు మర్నాడు వేయండి, అదే రోజు తలకిందులుగా అచ్చేయొద్దు, పేపరు తిప్పి చూసేస్తారు. జవాబుతో పాటు మామూలుగా ఎక్కడ తప్పుతారో ఆ తప్పు కూడా వేయండి, సరైనది ఒక్కటే చూస్తే ఎవరికీ తమ తప్పు తెలియదు. మాటలు తెలుగులో, పేర్లు ఇంగ్లీషులో ఎలా అంటారో అలా. మీకు రాసిపెట్టేవాళ్లు దొరక్కపోతే నాకు తెలిసిన పాలిటెక్నిక్ రిటైర్డ్ లెక్చరర్లు ఇద్దరున్నారు, సాయంత్రాలు ఖాళీగానే ఉంటారు, డబ్బులు అడగరు, వాళ్లు రాసింది కోసేస్తే మాత్రం ఊరుకోరు.

మొదటి రోజుకి లెక్క నేనే ఇస్తున్నాను. 230 వోల్టుల మీద 60 వాట్లు అని రాసి ఉన్న గుండు బల్బు ఒకటి, 100 వాట్లది ఒకటి వరసగా, సీరీస్‌లో కలిపి 230 వోల్టులే ఇచ్చాం. ఏది ఎక్కువ వెలుగుతుంది, ఒక్కో బల్బులో ఎన్ని వాట్లు? బల్బు రెసిస్టెన్సు వేడికి మారుతుంది, నిజమే, మొదటి రోజుకి మారదనుకుని కట్టమనండి. నిన్న మా టీ కొట్టు దగ్గర ఇదే అడిగితే ఆరుగురిలో ఐదుగురు ఆలోచించకుండా 100 అన్నారు. ఆరో ఆయన మా మేస్త్రీ గారే, ఇప్పుడు డెబ్బై దాటారు. ఏం మాట్లాడకుండా టీ గ్లాసు పక్కన పెట్టి, మా షాపులోకి వెళ్లి, అటక మీద నుంచి రెండు బల్బులు దింపి, హోల్డర్లకి వైరు బిగించడం మొదలుపెట్టారు. ఏం కనపడిందో వేరే కాగితం మీద రాసి, మడిచి, ఇదే కవర్లో పెట్టాను. అది మాత్రం మర్నాడే వేయండి.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ షాపు ఓనరు,
ఆటోనగర్, విజయవాడ